ఆకుమందుల ఒబ్దూలియాకి మొటిమలొచ్చాయి

జూలై రెండో వారంలో ఒక గురువారం పొద్దున, నలభై మూడేళ్ళు నిండి నాలుగు నెలలైన న్యా ఒబ్దూలియా గడ్డం మీద ఒక మొటిమ లేచింది. శుక్రవారానికి దానికి తోడు మూడొచ్చాయి. ఆదివారం చర్చికి బయల్దేరేసరికి రెండు చెంపలూ గడ్డమూ కలుపుకుని ఎర్రగా, సలుపుతూ, పిలవని చుట్టాల్లా బిడారు దింపేశాయి. పదహారేళ్ళ వయసులో కూడా ఆ మొహం మొటిమ అన్నది ఎరగదు. అప్పుడు రావలసినవన్నీ దారి తప్పి, ఇన్నేళ్ళకి అడ్రసు కనుక్కుని వచ్చాయా అని ఆవిడ అద్దాన్ని నిలదీసింది. అద్దం ఏం చెబుతుంది, ఉన్నది చూపించి ఊరుకుంది.

ఇంకెవరికైనా అయితే ఇదొక విసుగు, అంతే. ఒబ్దూలియాకి మాత్రం కొంప మునిగినంత పని. అసున్‌సియోన్‌లో పెద్ద తపాలా ఆఫీసు ఎదుటి మూల మీద పదిహేడేళ్ళుగా ఆకుమందులు దంచి ఇచ్చే మనిషి ఆవిడ. ఆ ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళని పిలిచినట్టే అందరూ ఆవిడనీ న్యా అని పిలుస్తారు. పొద్దున ఆరింటికల్లా బల్ల పరిచి, పుదీనా, నిమ్మగడ్డి, ఊరి బయట గట్ల మీద మొలిచే నానా ఆకులూ వేళ్ళూ కట్టలు కట్టలుగా పేర్చి, చెక్క రోలు ముందు పెట్టుకుంటుంది. ఆఫీసులకి పోయేవాళ్ళు చంకలో ఫ్లాస్కుతో వచ్చి నిలబడతారు. చలిగా ఉంటే వేడి మాతే కషాయం, ఎండెక్కితే అదే చల్లటి నీళ్ళతో తెరెరే, ఏది తాగినా ఆ నీళ్ళలో ఒంటికి పనికొచ్చే ఆకు పడకపోతే ఆ ఊళ్ళో ఎవరికీ పొద్దు పోదు. కడుపు ఉబ్బిందంటే ఒక ఆకు, నిద్ర పట్టలేదంటే ఒక వేరు, అల్లుడు వచ్చి కూర్చున్నాడంటే దానికీ ఏదో ఒకటి.

ఆవిడ బల్లకి బోర్డు లేదు. బోర్డు ఆవిడ మొహమే. నలభై దాటిన ఆడమనిషికి వెన్నపూసలాంటి ఆ చెంపలేమిటని కుళ్ళుకుంటూనే అందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఏం రాస్తావమ్మా అని అడిగితే, ఏమీ రాయను, తాగుతాను అనేది ఒబ్దూలియా, గడ్డం కాస్త పైకెత్తి. ఆ గడ్డం మీదే ఇప్పుడు దెబ్బ పడింది.

పైగా మొటిమల విషయంలో ఆవిడకి గట్టి అభిప్రాయం ఒకటుండేది. మొటిమంటే లివర్. లివర్‌లో మురికి చేరితే మొహం మీదికి తన్నుకొస్తుంది. ఎవరికి చేరుతుందయ్యా అంటే, వేయించినవి తినేవాళ్ళకీ, బారెడు పొద్దెక్కాక లేచేవాళ్ళకీ, కడుపులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి మాట్లాడేవాళ్ళకీ. ఈ సంగతి ఆవిడ గుట్టుగా చెప్పేది కాదు. క్యూ చివర నిలబడ్డవాడికి కూడా వినపడేలా చెప్పేది.

ఆ మాటలు అందరికన్నా ఎక్కువ పడ్డది మిర్నా. తపాలా ఆఫీసులో పార్సిళ్ళ కౌంటర్ దగ్గర కూర్చునే పిల్ల. పిల్లంటే పిల్లేం కాదు, ముప్పై ఒకటి. ఇరవై ఎనిమిదో ఏట ఉన్నట్టుండి మొదలైన మొటిమలు ఇప్పటికీ ఆ మొహం వదల్లేదు. మూడేళ్ళుగా రోజూ వచ్చి నిలబడేది. మళ్ళీ నూనె ఓడే ఎంపనాదాలు మింగావు కదూ అని ఒబ్దూలియా రోజూ తగులుకునేది. మింగలేదు న్యా అని మిర్నా గొణిగేది. అబద్ధాలాడితే కూడా లివరే పాడవుతుందని చెప్పి, ఆ బల్ల మీద ఉన్నవాటన్నిటిలోకీ చేదైన వేరు తీసి దంచి, ఆమె ఫ్లాస్కులో పోసేది. మిర్నా కళ్ళు మూసుకుని ఒక గుక్క అక్కడే తాగి, మొహం వికారంగా పెట్టి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయేది.

ఇప్పుడు ఆ వేరే ఒబ్దూలియా గొంతులో దిగింది. ఒక మోతాదుకి లొంగకపోతే రెండు, రెండుకి లొంగకపోతే నాలుగు. నోరంతా చేదెక్కి చీపా రొట్టె కూడా రుచి లేకుండా పోయింది. నూనె మానేసింది, జున్ను మానేసింది, తొమ్మిదింటికే పడుకుంది. మొటిమలు మాత్రం ఏ లోటూ లేకుండా పెరిగాయి. తర్వాత పైపూతలు మొదలయ్యాయి. కలబంద గుజ్జు, తేనె, బంకమన్ను, చీపాలమ్మే ఆవిడ చెప్పిందని టూత్‌పేస్టు, చెప్పులు కుట్టే ముసలాయన చెప్పాడని పాచినోటి ఉమ్మి. ఆ ఆఖరుది రాసుకున్న పొద్దున మాత్రం ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు కూడా రాసుకుంది.

మూల మీద జనం ఊరుకుంటారా. మెడ చుట్టూ ఉండాల్సిన శాలువా ముక్కు దాకా ఎందుకెక్కిందో రెండో రోజే కనిపెట్టారు. కడుపుతో ఉందన్నారు కొందరు. మొగుడు పోయి ఎనిమిదేళ్ళయిన మనిషి కడుపుతో ఎలా ఉంటుందని అడిగితే, అదే కదా విశేషం అన్నారు. ఎవరో మగమనిషి మీద మనసైందన్నాడు తపాలా ఆఫీసు గేటు దగ్గర కూర్చునే దోన్ అనస్తాసియో, ఆ వయసులో మొటిమలు వలపు వల్లే వస్తాయని పూచీ ఇస్తూ. ఆ ఒక్క మాటకి ఒబ్దూలియాకి కోపం రాలేదు. ఆ పూట ఆయన ఫ్లాస్కులో పుదీనా ఒక రెబ్బ ఎక్కువే పడింది.

నవ్వులాటలు ఎన్నయినా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటి. జనం ఆవిడ మొహం చూసి మాట్లాడడం మానేశారు. ఆకుల కట్టల్ని చూస్తూ మాట్లాడేవారు, శాలువా ముడిని చూస్తూ మాట్లాడేవారు, వెనకాల పోయే బస్సుని చూస్తూ మాట్లాడేవారు. పాపం, మర్యాద కోసమే. కానీ అలా చూపు తప్పించినప్పుడల్లా ఆ చోట ఒకటి గుచ్చుకున్నట్టుండేది. తర్వాత కొందరు చూపుతో పాటు దారి కూడా తప్పించారు. వీధికి అవతలి వైపు న్యా తొమాసా బల్ల ఉంది. అరవై ఏళ్ళ తొమాసాది ఎండిన నారింజ తొక్కలాంటి మొహం.

"నాది మొదట్నించీ ఇంతేనమ్మా. అందంగా లేదు, కానీ మారనూ లేదు. చూసి నమ్ముకోవచ్చు," అని ఆవిడ తన దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకీ గట్టిగా చెప్పేది, అవతలి ఒడ్డుకి చేరేలా.

నెలాఖరు దగ్గర పడింది. ఆగస్టు ఒకటి ముంచుకొస్తోంది. ఆగస్టు మంచి నెల కాదు. ఆ దేశంలో అది నడి చలికాలం. చలికి ముసలివాళ్ళు పోతారు, పశువులు పోతాయి, రోగాలన్నీ ఆ నెల్లోనే తలుపు తడతాయి. అందుకని ఒకటో తారీకు పొద్దున్నే పరగడుపున కార్రులిం తాగాలి. చెరుకు సారాలో సదాపాకు, నిమ్మకాయ వేసి ఊరబెట్టింది. ఏడు గుక్కలు. తాగినవాణ్ణి ఆగస్టు ముట్టుకోదు. తపాలా ఆఫీసు మూల మీద దీనికి తోడు ఇంకో పట్టింపు ఉంది. ఆ పొద్దున ఎవరి చేతి కార్రులిం తాగితే ఆ యేడంతా వాళ్ళ దగ్గరే ఆకు దంచించుకోవాలి. చెయ్యి మార్చకూడదు. పదిహేడేళ్ళుగా ఒబ్దూలియా బల్ల దగ్గర ఆ రోజు క్యూ మలుపు తిరిగి పోయేది. ఈసారి ఆ క్యూ అవతలి పక్కకి పోతే, మళ్ళీ ఆగస్టు దాకా పోయినట్టే. మళ్ళీ ఆగస్టుకి తనని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నాలుగు రోజుల ముందు ఆవిడ పెరట్లో కూర్చుని పెద్ద గాజు జాడీల్లో సారా పోసి, సదాపాకు నలిపి, నిమ్మకాయలు పిండి కార్రులిం పెట్టింది. పని అయ్యాక పళ్ళెంలో నలిగిన ఆకూ నిమ్మరసమూ కాస్త మిగిలింది. ఒక నెల మొత్తాన్నే వెళ్ళగొట్టే మందు నాలుగు మొటిమల్ని వెళ్ళగొట్టలేదా అనిపించింది ఆవిడకి. ఇంత తెలివైన ఆలోచన ఇన్నాళ్ళూ తట్టలేదేమా అని మురిసిపోయి, ఆ ముద్దని మొహం నిండా మెత్తి, ఆరాలి కదా అని కుర్చీ జరుపుకుని ఎండలో కూర్చుంది. జూలై ఎండ హాయిగా ఉంది. గంటన్నర కూర్చుంది. ఒక కునుకు కూడా తీసింది.

మర్నాటికి మొహం మండడం మొదలెట్టింది. ఆ మర్నాటికి మొటిమలు ఎక్కడివక్కడే ఉండగా, వాటి మధ్య మిగిలిన కాస్త చర్మం కూడా బొబ్బలెక్కి కమిలిపోయింది. అద్దంలో చూసుకుని ఒబ్దూలియా మొదటిసారి ఏడ్చింది. కన్నీళ్ళు తగిలితే ఇంకా మండింది. దాంతో ఏడుపు కూడా మానుకోవలసి వచ్చింది.

ఇక గతిలేక ఆవిడ పెద్దాసుపత్రి చర్మవిభాగానికి వెళ్ళింది. తిన్నగా వెళ్ళలేదు. తెలిసినవాళ్ళు చూస్తారని రెండు బస్సులు మారి, తలకి గుడ్డ, కళ్ళకి నల్లద్దాలు, ముక్కు మీదికి శాలువా వేసుకుని, బ్యాంకు దోచుకోవడానికి పోతున్న మనిషిలా పోయింది. అక్కడ బెంచీ మీద ఆవిడ ఖాతాదార్లే ముగ్గురు, ఇంచుమించు అదే వేషంలో కూర్చుని ఉన్నారు. నలుగురూ ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టి, నలుగురూ గోడ మీది టీకాల బొమ్మని శ్రద్ధగా చదివారు.

డాక్టరమ్మ బరేయిరోకి ముప్పై ఐదు మించవు. శాలువా తీయించి, దీపం కింద చూసి, మొహానికి ఏమేం వాడారో చెప్పమంది. ఒబ్దూలియా చెప్పడం మొదలెట్టింది. డాక్టరమ్మ రాయడం మొదలెట్టింది. కాగితం ఒక వైపు నిండింది. తిప్పింది. సదాపాకూ నిమ్మరసమూ ఎండా దగ్గరికొచ్చేసరికి కలం పెట్టేసింది.

"అమ్మా, ఆ రెండూ పూసుకుని ఎండలో కూచుంటే మొహం మాడక ఏమౌతుంది? అదిగో ఆ బొబ్బలు అవే. వాటికివాళ మందిస్తాను, తగ్గుతాయి. కొన్నాళ్ళు మచ్చలుంటాయి."

"మరి మొటిమలు?"

"ఈ వయసులో ఒంట్లో మార్పులొస్తాయి. హార్మోన్లు అటూ ఇటూ అవుతాయి. చాలామంది ఆడవాళ్ళకి నలభైల్లో ఇలా ఉన్నట్టుండి లేస్తాయి. మీ తప్పేం లేదు. బొబ్బలు మానాక ఈ ట్యూబు రోజూ సాయంత్రం బఠాణీ గింజంత రాయండి. మెత్తటి సబ్బుతో మొహం కడగండి. ఇంకేమీ పెట్టకండి. మూడు నెలలు పడుతుంది."

"అయితే లివర్ కాదా?"

"లివర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా."

వానొస్తోందన్నంత మామూలుగా చెప్పింది. ఒబ్దూలియా ట్యూబు సంచీలో వేసుకుని లేచింది. మూడు నెలలంటే ఆగస్టు ఒకటికి తగ్గదు, అది ఒక దెబ్బ. దానికన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి. తిరుగు బస్సులో కూర్చుని ఆవిడ లెక్క వేసుకుంది. పదిహేడేళ్ళలో ఎంతమంది మొహాలు పట్టుకుని లివర్ అంది, ఎంతమందిని తిండిపోతులనీ సోమరిపోతులనీ క్యూలో నిలబెట్టి కడిగేసింది. తను నూనె చుక్క ముట్టకుండా మూడు వారాలు ఉంది, తెల్లారకముందే లేచింది, మనసులో మాట ఏనాడూ దాచుకోలేదు. తనకీ వచ్చాయి. మిర్నా గుర్తుకొచ్చింది. మింగలేదు న్యా అని గొణిగే ఆ గొంతు గుర్తుకొచ్చి, ఒబ్దూలియాకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నల్లద్దాలు ఉండడం మంచిదైంది.

ఆ రెండు రోజులూ బల్ల పెట్టలేదు. ఒకటో తారీకు కూడా ఇంట్లోనే ఉండిపోతే ఎలా ఉంటుందా అని ఆలోచించింది. ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. కానీ ఆకుమందుల మనిషికి ఒంట్లో బాగాలేదని చెప్పడం ఇంకా అప్రతిష్ట. శాలువా కప్పుకుని వెళ్ళొచ్చు. కానీ మొహం దాచుకున్న మనిషి చేతి సారా పరగడుపున ఎవడు తాగుతాడు? తను తాగదు. ఆవిడ చాలాసేపు జాడీల వంక చూసింది. అవి బ్రహ్మాండంగా కుదిరాయి. ఆ వాసనకే సగం ఆగస్టు పారిపోయేలా ఉంది. మందు ఇంత బాగా కుదిరాక దాన్ని తీసుకెళ్ళకపోవడం ఆవిడ వల్ల కాలేదు.

ఒకటో తారీకు పొద్దున ఆవిడ శాలువా మెడకి చుట్టుకుని, మొహం మొహంలాగే పెట్టుకుని వచ్చి బల్ల పరిచింది. కమిలిన చెంపలు చలికి చురుక్కుమన్నాయి. అవతల తొమాసా ఈ చెంపల వంక చూసి శిలువ గుర్తు వేసుకుంది. ఆవిడ క్యూ అప్పుడే పది మంది. ఇవతల దోన్ అనస్తాసియో ఒక్కడూ, ఆయన వెనక దూరంగా, ఏ పక్కకి పోవాలో తేల్చుకోలేక గుంపుగా నిలబడ్డ జనమూ ఉన్నారు.

దోన్ అనస్తాసియో ఆవిడ మొహాన్ని సూటిగా చూశాడు. మూడు వారాల్లో అలా చూసినవాడు ఆయనొక్కడే. ఏమైంది అని అడిగాడు. ఒబ్దూలియా గొంతు సవరించుకుని, క్యూ చివరిదాకా వినపడే తన పాత గొంతుతోనే చెప్పింది. మొటిమలు తనకి అర్థం కాలేదు. సదాపాకు పూసుకుని ఎండలో కూర్చోవడం శుద్ధ తెలివితక్కువ పని. డాక్టరు దగ్గరికి పోయింది. లివర్ కాదంది డాక్టరు. ఇన్నాళ్ళూ లివర్ లివర్ అని ఎవరెవరిని తిట్టిందో వాళ్ళందరూ తనని క్షమించాలి. కడుపు గురించీ నిద్ర గురించీ చలి గురించీ తనకి తెలుసు. మొహం గురించి తెలియదు.

గుంపులో చిన్న గుసగుస లేచి అణిగింది. దోన్ అనస్తాసియో గ్లాసు ముందుకి చాపాడు.

"నా కాళ్ళ వాపు నీ ఆకుతోనే దిగింది ఒబ్దూలియా. నా కాళ్ళకి నీ మొహంతో ఏం పని?" అన్నాడు. "పొయ్యి. ఆగస్టు వచ్చేసింది."

ఏడు గుక్కలూ తాగి, ఎనిమిదోది అడిగి, లేదనిపించుకుని వెళ్ళాడు. ఆయన వెనక ఒకరు కదిలారు, తర్వాత ఇంకొకరు. అందరూ రాలేదు. కొందరు అవతలికే పోయారు, ఒబ్దూలియా వాళ్ళని పేరుపేరునా గుర్తుపెట్టుకుంది, ఆవిడ దేవతేం కాదు. అయినా ఇవతల ఒక క్యూ అంటూ నిలిచింది. మలుపు దాకా పోలేదు గాని, చెట్టు దాకా పోయింది.

ఆ క్యూలో మిర్నా వచ్చింది. ఆమెని చూడగానే ఒబ్దూలియా చేతిలో జగ్గు ఆగిపోయింది. అందరికీ కలిపి చెప్పిన క్షమాపణ ఈ పిల్లకి సరిపోదని ఆవిడకి తెలుసు.

"నీకు విడిగా చెప్పాలి మిర్నా," అంది గొంతు తగ్గించి. "మూడేళ్ళు నీ చేత ఆ చేదు తాగించాను. తిట్టి మరీ తాగించాను. దానికీ నీ మొహానికీ ఏ సంబంధమూ లేదంట."

"తెలుసు న్యా."

"తెలుసా? ఎప్పట్నించి?"

"ఆర్నెల్లు తాగినా తగ్గలేదు కదా. అప్పట్నించే."

"మరెందుకు తాగావే? మూడు వారాలకే నా నోరు చచ్చిపోయింది."

మిర్నా వెనక్కి ఒకసారి చూసుకుంది. తర్వాత ఫ్లాస్కు మూతని తిప్పుతూ చెప్పింది.

"దంచేముందు మీరు నా గడ్డం పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి చూస్తారు. రోజూ. మీకు గుర్తుండదు, మీ చెయ్యి దానంతటదే వస్తుంది. ఇంకెవరూ నా మొహాన్ని ముట్టుకోరు న్యా. మా కౌంటర్ దగ్గరికొచ్చేవాళ్ళు పార్సిల్ వంక చూస్తూ మాట్లాడతారు. మీరు తిట్టినా సరే, చూసేవారు. అందుకని వచ్చేదాన్ని."

మూడు వారాల కిందట అయితే ఒబ్దూలియాకి ఆ మాట అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ప్రతి అక్షరమూ అర్థమైంది. శాలువా ముడితో మాట్లాడినవాళ్ళు, బస్సుతో మాట్లాడినవాళ్ళు అందరూ ఒక్కసారి కళ్ళ ముందు కదిలారు. తనకి మూడు వారాలు. ఈ పిల్లకి మూడేళ్ళు.

జగ్గు బల్ల మీద పెట్టి, చేతులు శాలువా అంచుకి తుడుచుకుని, మిర్నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఈసారి మొటిమలు లెక్కపెట్టడానికి కాదు. తీరిగ్గా చూసింది. వెనక ఎవరో ఆగస్టు వెళ్ళిపోతోందని గొణిగారు. కాసేపు ఆగమంది ఒబ్దూలియా, అటు తిరగకుండానే. మిర్నా కళ్ళు తేనె రంగువని, మూడేళ్ళు రోజూ చూసిన మనిషికి ఆ పొద్దున తెలిసింది.

"డాక్టరమ్మ పేరు రాసిస్తాను, వెళ్ళు. మంచిది," అంది. "రేప్పొద్దున నీకు ఉత్త పుదీనా వేస్తాను. రుచి కోసం."

"చూస్తారుగా?"

"చూస్తానే."

మిర్నా గ్లాసు అందుకుని ఏడు గుక్కలూ తాగింది.